ఇంటి పెద్దల కాలూ, కన్నూ



వరిలో కాండం తొలుచు పురుగు గురించో, మక్కచేలో కత్తెర పురుగు గురించో చెప్పవలసినవాడు ఇవాళ ముసలివాళ్ల సంగతి ఎత్తుకున్నాడేమిటా అని మీకు అనిపించవచ్చు. నేను డాక్టరును కాను. వ్యవసాయంలో డిప్లొమా చదివి, విస్తరణాధికారిగా పనిచేస్తున్నవాణ్ణి. ఐతే నేను ఏ ఇంటికి పోయినా మొదట పలకరించేది అరుగుమీద కూర్చున్న పెద్దాయనో, పెద్దమ్మో. పిల్లలు చదువులకూ కొలువులకూ పట్నం చేరిన ఇళ్లలో సేద్యం చేస్తున్నది కూడా వాళ్లే. మోటారు, ట్రాక్టరు, పాడిగేదె వీటి బాగోగులు సేద్యపు సంగతులే ఐనప్పుడు ఆ ఇంటి పెద్దల కాలూ కన్నూ సేద్యపు సంగతి ఎందుకు కాకూడదు?

మీ వరిలో ఆకు రంగు మారిందనుకోండి. కింది ఆకు ముదిరి పండిపోవడం వేరు, జింకు లోపించి ఆకుమీద తుప్పు మచ్చలు రావడం వేరు. మొదటిదానికి మందు లేదు, అవసరమూ లేదు. రెండవదానికి లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి చల్లితే పైరు తేరుకుంటుంది. ఈ తేడా తెలియని రైతు లేడు. కాని ఇంట్లో తండ్రి కాలు తడబడినా, తల్లి కన్ను మసకబారినా, ఇద్దరిలో ఎవరికి చెవి వినబడకపోయినా మనం అనే మాట ఒక్కటే: "వయసైంది గద." పైరుకు ఒక న్యాయం, మనిషికి ఇంకొక న్యాయమా? వయసుతో వచ్చేది కొంత వున్నది, కాదనను. కాని వయసు ఖాతాలో మనం రాసివేసిన వాటిలో జింకు లోపం వంటివి, అనగా సరిచేయగలిగినవి, చాలా వున్నవని పరిశోధనలు చెబుతున్నవి.

మన దేశంలోనే 2017–18లో 45 ఏళ్లు దాటిన 72,000 మందికి పైగా జనాన్ని ఇంటింటికీ పోయి పరీక్షించి, ప్రశ్నలడిగి ఒక పెద్ద అధ్యయనం చేసినారు. ముంబాయిలోని అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ దానికి ముఖ్య బాధ్యత వహించింది. ఫలితాలు 2021 జనవరిలో వెలువడ్డవి. 60 దాటినవారిలో నూటికి 75 మందికి ఏదో ఒక దీర్ఘవ్యాధి వున్నదని తేలింది. రక్తపోటు, మధుమేహం, కీళ్లవాతం ఇలాంటివి. వీటికి పేర్లున్నవి, వైద్యాలున్నవి. పేరున్న జబ్బును ముసలితనం అని పిలిచి ఊరుకోవడం న్యాయం కాదు.

నేను ఇవాళ అన్నీ చెప్పబోవడం లేదు. కాలు, కన్ను ఈ రెండింటిని పట్టుకుంటాను. చెవి గురించి ఒక మాట.

ముందు కాలు. 1990లో అమెరికాలో బోస్టన్ నగరంలో ఒక పరిశోధన ప్రకటించినారు. చేసినావిడ పేరు మరియా ఫియాటరోన్, వైద్యురాలు. వృద్ధులను వుంచి చూసుకొనే ఆస్పత్రిలో వున్న పదిమందిని ఎంచుకున్నారు. వాళ్ల వయసు సగటున 90 ఏళ్లు. బక్కచిక్కినవాళ్లు, రకరకాల జబ్బులున్నవాళ్లు. ఆ వయసువాళ్లకు వ్యాయామమేమిటి, గుండె ఆగిపోదా అని ఆ రోజుల్లో చాలామంది భయం. ఆమె వారానికి మూడుసార్లు, ఎనిమిది వారాల పాటు వాళ్లచేత బరువుకు ఎదురుగా మోకాలు చాచి ముడిచే వ్యాయామం చేయించింది. ఊరికే కాళ్లు ఆడించడం కాదు. కాలు ఒక్కసారి ఎత్తగలిగిన పూర్తి బరువులో నూటికి 80 వంతుల వరకు పెట్టి, బలం పెరిగినకొద్దీ బరువును పెంచుతూ పోయింది.

తొమ్మిదిమంది చివరిదాకా చేసినారు. వాళ్ల కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. అంటే మొదట 10 కిలోలు ఎత్తిన కాలు చివరకు 27 కిలోలు ఎత్తినట్టు లెక్క. తొడ కండ 9 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టినారు. చేతులు ఊనకుండా కుర్చీలోంచి లేవలేని ముగ్గురిలో ఒకరు లేవగలిగినారు. తొంభై ఏళ్ల కండ కూడా పని చెప్పితే మాట వింటుందన్నమాట. కాని ఆ కాగితంలోనే ఇంకొక సంగతి కూడా వున్నది. వ్యాయామం ఆపివేసిన నాలుగు వారాలకే ఆ బలంలో 32 శాతం దిగిపోయింది.

ఆమే 1994లో ఇంకా పెద్ద ఎత్తున, 100 మందితో పరీక్ష చేసింది. సగటు వయసు 87. వారిని నాలుగు జట్లు చేసినారు. ఒక జట్టుకు వ్యాయామం, ఒకదానికి బలమైన పోషక పానీయం, ఒకదానికి రెండూ, ఒకదానికి రెండూ లేవు. మనం పైర్లమీద పెట్టే ప్రయోగపు మళ్లవంటివే అనుకోండి. పది వారాల తర్వాత వ్యాయామం చేసినవాళ్ల బలం 113 శాతం పెరిగింది, చేయనివాళ్లది 3 శాతం. నడక వేగం పెరిగింది, మెట్లెక్కే శక్తి పెరిగింది. ఉత్త పానీయం తాగినవాళ్లకు మాత్రం బలంలో ఏమీ మార్పు లేదు.

ఇది విన్నప్పుడు నాకు పట్నంనుంచి కొడుకులు తెచ్చే బలం పొడుల డబ్బాలు గుర్తుకు వచ్చినవి. ప్రేమతోనే తెస్తారు, వందలకు వందలు పోస్తారు. ఎద్దును కొట్టంలో కట్టివేసి ఎంత దాణా పెట్టినా అది నాగలి లాగే ఎద్దు కాదు. ఏడాది కట్టివేసిన ఎద్దును ఒక్కసారి దుక్కికి తోలితే ఏమవుతుందో మీకే బాగా తెలుసు.

కట్టివేస్తే ఏమవుతుందో కూడా కొలిచి చూసినారు. 2007లో అమెరికాలోనే, ఏ జబ్బూ లేని, సగటున 67 ఏళ్ల వయసున్న కొద్దిమందిని వాళ్ల ఇష్టంతో పది రోజులు మంచంమీద వుంచినారు. మూడు పూటలా తిండి పెట్టినారు. పది రోజులకు కాళ్లలోనుంచి దాదాపు ఒక కిలో కండ పోయింది. మోకాలు చాచే బలం 15 శాతం పైన తగ్గింది. పది రోజులకే! మన ఇళ్లలో జ్వరం వచ్చిన పెద్దాయన నెల రోజులు మంచం దిగడు, దిగనివ్వరు కూడా.

ఇక్కడే నేను మీతో ఒక కటువైన మాట అనవలసి వున్నది. మంచి ఇళ్లలోనే ఈ నష్టం ఎక్కువ జరుగుతున్నదని నాకు తోస్తున్నది. చెడ్డ కొడుకు తండ్రిని పనిచేయిస్తాడు, కాలు ఆడుతుంది. మంచి కొడుకు "నువ్వు కూసో నాయినా, మేం చేస్తం గద" అంటాడు. మంచి కోడలు "బిందె ముట్టకు అత్తమ్మా, నడుం పడుతది" అంటుంది. ఊళ్లో నలుగురూ మెచ్చుకుంటారు, ముసలితనంలో సుఖపడుతున్నారని. రెండేళ్లు గడిచేసరికి ఆ పెద్దమనిషి పీటమీదినుంచి లేవడానికి గోడ పట్టుకుంటాడు. మూడో ఏట స్నానాలగదిలో జారిపడి తుంటి విరుగుతుంది. తుంటి విరిగిన తర్వాత కథ మీరు చూసే వున్నారు. ఆస్పత్రి ఖర్చు ఎకరం పంటను మింగుతుంది, మనిషి మళ్లీ పొలం గట్టు ఎక్కడు.

అంటే 75 ఏళ్లవాడిచేత నాట్లు వేయించమనీ, బస్తాలు మోయించమనీ నేను చెప్పడం లేదు. నడుము వంచి రోజంతా చేసే పని వేరు, కండకు కొలిచి పెట్టే పని వేరు. "రోజూ చేను చుట్టి వస్తాను, అది చాలదా" అని అడుగుతారు. నడక మంచిదే, గుండెకు మంచిది, మనసుకు మంచిది, మానవద్దు. కాని మెల్లని నడకవల్ల తొడకండ పెద్దగా బలపడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహాలో 65 దాటినవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేస్తూనే, రెండు రోజులైనా కండ బలపడే పని, మూడు రోజులు తూకం నిలిపే సాధన చేయాలని చెప్పింది.

దీనికి యంత్రాలేమీ అక్కరలేదు. గోడకు ఆనించిన, కదలని కుర్చీ ఒకటి చాలు. ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది కనుక గోడకు ఆనించడం మరవవద్దు. పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి. చేతులు రొమ్ముమీద కట్టుకొని లేచి నిలబడాలి, మళ్లీ మెల్లగా కూర్చోవాలి. దబ్బున కూలబడరాదు, దిగేటప్పుడే తొడకు అసలు పని. మొదట చేతులు ఊని లేచినా సరే. ఐదుసార్లతో మొదలుపెట్టి, కాస్త ఆగి, మళ్లీ ఐదు. ఊపిరి బిగపట్టరాదు. రోజు విడిచి రోజు చేయాలి. పదిసార్లు సులువుగా వచ్చిననాడు బరువు పెంచాలి. లీటరు నీళ్ల సీసాలు రెండు సంచిలో వేసి రొమ్ముకు అదుముకొని లేవడమే. ఆ తర్వాత తలుపు చట్రం పట్టుకొని మడమలు లేపి ముందరి పాదంమీద నిలబడటం, గోడ పక్కన ఒంటికాలిమీద పది అంకెలు లెక్కపెట్టేదాకా నిలవడం. ఇంతే. ఛాతీలో నొప్పి వచ్చేవాళ్లు, తల తిరిగేవాళ్లు, ఈమధ్య ఆపరేషను ఐనవాళ్లు ముందు డాక్టరును అడిగి చేయాలి.

మీ తండ్రికి కాలిబలం ఎంత వున్నదో తెలుసుకోవాలంటే అదే కుర్చీ. చేతులు ఊనకుండా అరనిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చుంటాడో లెక్కపెట్టండి. 70 నుంచి 74 ఏళ్ల మగవాళ్లు 12 కన్న, ఆడవాళ్లు 10 కన్న తక్కువ చేస్తే పడిపోయే భయం వున్నదని అమెరికా ప్రభుత్వ ఆరోగ్యశాఖవారి లెక్క. మన పెద్దలు నేలమీద కూర్చొని లేచినవాళ్లు, ఇంకా బాగానే చేస్తారేమో చూడండి. మనవలచేత లెక్క పెట్టించండి, సరదాగా వుంటుంది.

తిండి మాటకు వస్తే, వ్యాయామం లేని దాణా వృథా అన్నాను కాని, దాణా లేని వ్యాయామం కూడా నిలవదు. మన హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ వున్నది. 1918లో కూనూరులో చిన్నగా మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చింది. మనిషి బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలని 2020లో వచ్చిన సిఫారసు. అంటే 50 కిలోల మనిషికి 41 గ్రాముల పైన. పళ్లూడిన పెద్దమ్మ పళ్లెంలో ఏముంటుంది? మెత్తని అన్నం, పచ్చిపులుసు, నీళ్ల మజ్జిగ. పాలన్నీ పొద్దున్నే పాలకేంద్రానికి పోతవి. గుడ్లు అమ్మకానికి, లేకపోతే పిల్లలకు. ఆడవాళ్లలో చివర తినేది ఆమె. ఒక గ్లాసు పాలలో 6 గ్రాములు, గుడ్డులో మరో 6, గుప్పెడు పప్పు గట్టిగా వండితే 10 గ్రాముల దాకా వస్తవి. పాలకేంద్రానికి కొలిచేముందు ఇంటి పెద్దలకు ఒక గ్లాసు తీసిపెట్టడం ఏపాటి నష్టం? మూత్రపిండాల జబ్బు వున్నవారు మాత్రం ఎంత తినవలసినదీ డాక్టరును అడగాలి.

ఇక కన్ను.

ఈ విషయంలో మన తెలుగునాట జరిగిన పరిశోధన లోకమంతటికీ తెలిసినది. హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రివారు 1996 నుంచి 2000 వరకు హైదరాబాదు నగరంలోనూ, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబునగర్ జిల్లాల పల్లెల్లోనూ 10,293 మంది కళ్లు పరీక్ష చేసినారు. వందకు దాదాపు ఇద్దరు గుడ్డివారని తేలింది. అందులో 44 శాతం శుక్లంవల్ల, 16 శాతం సరైన అద్దాలు లేకపోవడంవల్ల. ఆలోచించండి. చూపు పోయిందని మంచంలో కూర్చున్న ప్రతి పదిమందిలో ఆరుగురికి ఒక చిన్న ఆపరేషనుతోనో, ఒక జత అద్దాలతోనో తిరిగి చూపు రావచ్చునన్నమాట. వాళ్లందరినీ ఇంట్లో "వయసైంది" అనే అని వుంటారు.

శుక్లం గురించి ఊళ్లలో రెండు మాటలు ఇంకా తిరుగుతున్నవి. ఒకటి, శుక్లం బాగా ముదిరి పండాలి, అప్పుడే తీయాలి అని. మామిడికాయకైతే అది సరే. పూర్వం చేసే ఆపరేషనుకు ఆ మాటలో కొంత అర్థం వుండేది. ఇప్పుడు చిన్న కోతతో శుక్లాన్ని తీసి దాని స్థానంలో కృత్రిమ కటకం పెడుతున్నారు. రోజువారీ పనికి చూపు అడ్డం వచ్చినప్పుడే చేయించుకోవచ్చు. మరీ ముదిరితే ఆపరేషను కష్టమవుతుంది. రెండవ మాట, ఎండాకాలంలో చేయించరాదని. ఇప్పటి పద్ధతికి ఏ కాలమైనా ఒకటే. యాసంగి కోతలైన తర్వాత మీకు తీరిక వుండేది ఎండాకాలంలోనే కదా.

"ఒక కన్ను కనబడుతున్నది, చాలు లెమ్మ" అనే పెద్దమ్మలకు ఇంకొక పరిశోధన చెప్పాలి. ఇంగ్లండులో నాటింగ్‌హాం నగరంలో 70 దాటిన 306 మంది స్త్రీలను రెండు జట్లు చేసినారు. ఒక జట్టుకు నెల రోజుల్లోగా మొదటి కంటి శుక్లం తీసినారు. రెండవ జట్టువారు అక్కడి మామూలు వరుస ప్రకారం ఏడాది ఆగినారు. 2005లో ఫలితం ప్రకటించినారు. ముందుగా ఆపరేషను ఐనవారిలో పడిపోవడాలు 34 శాతం తగ్గినవి. ఎముకలు విరిగినవాళ్లు ఆగినజట్టులో 12 మంది, ముందు చేయించుకున్న జట్టులో 4. కంటికి చేసిన వైద్యం తుంటిని కాపాడింది. నేను కాలూ కన్నూ కలిపి చెబుతున్నది ఇందుకే.

శుక్లం లేనివాళ్లకూ ఒక బాధ వున్నది. నలభై దాటినకొద్దీ దగ్గరి చూపు మందగిస్తుంది. ఇది అందరికీ వచ్చేదే. కాగితం చేతిని చాచి పట్టుకుంటే తప్ప కనబడదు. చదువుకున్నవాళ్లు వెంటనే అద్దాలు తెచ్చుకుంటారు. రైతు మాత్రం "నాకు చదువుతో ఏం పని" అనుకుంటాడు. పని లేకపోవడమేమిటి? అస్సాంలో తేయాకు కోసే 751 మంది కూలీలమీద, అందరూ 40 దాటినవాళ్లే, ఒక పరీక్ష చేసినారు. సగం మందికి దగ్గరి చూపు అద్దాలు ఉచితంగా ఇచ్చినారు, సగం మందికి పరీక్ష ముగిసిన తర్వాత ఇచ్చినారు. 2018లో ఫలితం వచ్చింది. అద్దాలు పెట్టుకున్నవాళ్లు రోజుకు కోసిన ఆకు రెండవజట్టు కన్న 21.7 శాతం ఎక్కువ. 50 దాటినవాళ్లలోనైతే 31 శాతం పైన. ఏ ఎరువు వేస్తే, ఏ విత్తనం మారిస్తే ఇంత తేడా వస్తుందో చెప్పండి! అది తేయాకు లెక్క. మన పత్తితీతకూ, మిరప ఏరడానికీ అంతే వస్తుందని నేను రాసివ్వను. కాని పత్తిలో చెత్త రాకుండా తీయడానికీ, వేరుశనగ విత్తనం ఏరడానికీ, మిరపలో తాలుకాయ వేరుచేయడానికీ కన్నే కదా పనిముట్టు.

అన్నిటికన్న నాకు భయం కలిగించేది పురుగుమందు సీసా. దానిమీద మోతాదు చీమలంత అక్షరాల్లో వుంటుంది. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణం గుర్తు ఐతే కనబడుతుంది. ఎరుపు అన్నిటికన్న విషం ఎక్కువని మీకు తెలుసు. కాని లీటరుకు ఎన్ని మిల్లీలీటర్లో, కొలత గ్లాసుమీది గీత ఎక్కడున్నదో కనబడక మూతతో ఉజ్జాయింపుగా పోసే పెద్దలు ఎంతమంది! మందు ఎక్కువైతే పైరు మాడుతుంది, తక్కువైతే పురుగు చావదు, చేతిమీద ఒలికితే తెలియదు. అరవై దాటిన రైతు జేబులో దగ్గరి చూపు అద్దాలు లేకుండా మందు కలపరాదని నా అభిప్రాయం.

సంతలో దొరికే అద్దాలు కొనవచ్చునా అంటారు. దగ్గరి చూపు ఒక్కటే లోపమైతే అవి పనిచేస్తవి. కాని ముందు ఒక్కసారైనా కన్ను పరీక్ష చేయించాలి. నీటికాసులు అనే జబ్బు నొప్పి లేకుండా చూపును పక్కలనుంచి తినివేస్తుంది, అలా పోయిన చూపు తిరిగి రాదు. చక్కెర జబ్బు వున్నవాళ్లకు కంటి లోపలి పొర చెడుతుంది. ఇవి సంతలో అద్దాలు అమ్మేవాడికి తెలియవు. ఇంకొక జాగ్రత్త. పైన దూరపు చూపు, కింద దగ్గరి చూపు ఒకే అద్దంలో వుండేవి పెట్టుకొని మెట్టు గాని, కాలువగట్టు గాని దిగేటప్పుడు కాలికింది నేల మసకగా, తప్పు ఎత్తులో కనబడుతుంది. పొలం పోయేటప్పుడు దూరపు చూపు అద్దాలు వేరే వుంటే మేలు.

చెవి మాట ఒక్కటి. చెవుడు వచ్చినవాడు మెల్లగా మాటలకు దూరమవుతాడు. నలుగురిలో కూర్చోడు, అడిగినదానికి వేరే జవాబు చెబితే పిల్లలు నవ్వుతారు, నవ్వితే ఇంకా ముడుచుకుంటాడు. మతిమరుపు జబ్బుకు దారితీసే కారణాల్లో పట్టించుకోని చెవుడు, పట్టించుకోని చూపులోపం రెండూ వున్నవని 2024లో లాన్సెట్ అనే వైద్యపత్రిక నియమించిన నిపుణుల సంఘం చెప్పింది. 2023లో అమెరికాలో 70 దాటిన 977 మందిమీద మూడేళ్లు చేసిన పరీక్షలో, చెవి యంత్రం అందరికీ మతిని కాపాడలేదు. కాని గుండెజబ్బు వంటి ఇతర చిక్కులు ఎక్కువగా వున్న జట్టులో మతి తగ్గే వేగం దాదాపు సగానికి దిగింది. కనుక యంత్రం సర్వరోగ నివారిణి అనుకోవద్దు, పనికిరాదనీ అనుకోవద్దు. ముందు చెవిలో గుబిలి గడ్డకట్టిందేమో చూపించండి. ఒక్కొక్కసారి చెవుడంతా అదే. పుల్లలు, పిన్నీసులు పెట్టి తీయవద్దు.

ఇంట్లో చేయవలసినవి మీకు తెలిసినవే, జరగనివే. స్నానాలగదిలో పాకుడు గీకివేయడం, పట్టుకోవడానికి గోడకు ఒక గొట్టం బిగించడం, రాత్రి మంచం దగ్గరినుంచి దొడ్డిదాకా ఒక చిన్న దీపం, అరిగి నున్నబడిన చెప్పులు పారవేయడం. రాత్రిపూట మోటారు వేయడానికి ముసలాయనను పంపకపోవడం.

మనసు సంగతి కూడా వదలరాదు. 2010లో అమెరికా పరిశోధకులు 148 పరిశోధనలను, 3 లక్షల పైచిలుకు మంది వివరాలను ఒకచోట చేర్చి చూసినారు. మనుషులతో గట్టి సంబంధాలున్నవాళ్లు బతికి వుండే అవకాశం లేనివాళ్లకన్న 50 శాతం ఎక్కువని తేలింది. మన పల్లెలో మనుషులకు కొదవ లేదు కదా అంటారు. మనుషులున్నారు, మాట లేదు. పట్టాదారు పాసుబుక్కు కొడుకు పేరుమీదికి మారిన మరునాటినుంచి ఆ తండ్రిని ఏ విత్తనం వేద్దామని అడిగేవాడు లేడు. నేను చేనుదగ్గరికి పోయినప్పుడు పెద్దాయన ఏదో చెప్పబోతే కొడుకు అడ్డం వచ్చి "ఆయనకేం తెల్వదు సార్" అంటాడు. ఏ కాలువ నీరు ఏ మడిలో నిలుస్తుందో, ఏ చెలకలో చౌడు పొర వున్నదో నాకు చెప్పింది చాలాచోట్ల ఆ ఏమీ తెలియని పెద్దాయనలే.

నాతోటి విస్తరణ ఉద్యోగులకు ఒక మనవి. రైతు వేదికలో సమావేశం పెట్టినప్పుడు ఖాళీ పురుగుమందు సీసా ఒకటి చేతికిచ్చి, మోతాదు చదవమనండి. చదువు రానివాళ్లకు కొలత గ్లాసుమీది గీత చూపమనండి. చేయి చాచి పట్టుకున్నవాళ్ల పేర్లు రాసుకొని ఆశా కార్యకర్తకు ఇవ్వండి. పది నిమిషాల పని. ఎరువుల లెక్కకు వచ్చినవాళ్లను కంటి పరీక్షకు పంపడం మన విధుల్లో రాసి వుండకపోవచ్చు. కాని మందు మోతాదు సరిగా కలిపించడం మన విధే కదా.

చివరగా, సమావేశాల్లో నన్ను తరచు అడిగే మూడు ప్రశ్నలకు జవాబులు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు లేచి కూర్చోవచ్చునా? అరిగిన మోకాలికి తొడకండ బలమే ఆసరా. కొంచెం ఎత్తు ఎక్కువున్న ఆసనంమీద, నొప్పి ఓర్చుకోగలిగినంత మేరకు చేయాలి. మోకాలు వాచి వేడిగా వుంటే మాత్రం ఆగి చూపించుకోవాలి. అద్దాలు అలవాటైతే కన్ను ఇంకా చెడుతుందా? చెడదు. దగ్గరి చూపు వయసుతో ఎలాగూ తగ్గుతుంది, అద్దాలు పెట్టినా పెట్టకపోయినా. ఇక డబ్బెక్కడిది అన్న ప్రశ్న. అంధత్వ నివారణకు మన దేశంలో 1976 నుంచి జాతీయ కార్యక్రమం నడుస్తున్నది. దాని కింద శుక్లం ఆపరేషను ఉచితంగా చేస్తారు. ముందు మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం చేయించే ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 29న ప్రారంభించింది. వయసుకు ఆధార్ కార్డే ఆధారం. అందులో పుట్టిన సంవత్సరం తప్పుగా పడినవాళ్లు మన పెద్దల్లో చాలామంది వున్నారు. జబ్బు వచ్చినరోజున కాక, ఇప్పుడే మీసేవలో అడిగి దిద్దించుకోండి.